కాల్ లేకుండా రాసిన ప్రోగ్రాం

మా చిన్నాయన కూతురు కరుణ అంటే నాకు కుళ్ళు. ఈ వయసులో ఈ మాట రాయడానికి సిగ్గుపడాలేమో గానీ, సిగ్గుపడాల్సిన వయసులోనే పడలేదు, ఇప్పుడు కొత్తగా అలవాటు చేసుకోలేను. మొన్న ఆళ్ళగడ్డలో వాళ్ళింటికి పోయినప్పుడు, ఇన్నేళ్ళకు అది కాస్తయినా అరిగిందేమో చూద్దామనుకున్నాను. అరగలేదు. కరుణ వంటింట్లో నా కోసం బొరుగుల ఉగ్గానికి తాలింపు వేస్తోంది. ఎర్రగడ్డలు వేగుతున్న వాసన ఇల్లంతా నిండింది. నాతో మాట్లాడుతూనే ఎడమచేతి వేళ్ళతో పొయ్యి గట్టు మీద టకటకమని కొడుతోంది. కొడుతున్నట్టు తనకు తెలియదు. నాకు తెలుసు, ఎందుకంటే ఆ టకటక మా నాయనది. నాయన పోలికలు నాకే వచ్చాయని బంధువులంతా అంటారు. వచ్చినవేమిటయ్యా అంటే ఆయన ముక్కు, తొందరగా నెరిసే ఆయన జుట్టు. ఆ వేళ్ళు మాత్రం కరుణకు పోయాయి. గుమ్మానికి ఆనుకుని నిలబడి ఆ వేళ్ళనే చూస్తూ, తను చెప్పే కబుర్లు ఒక్కటీ వినలేదు నేను.

నాయన నంద్యాల తంతి ఆఫీసులో టెలిగ్రాఫిస్టు. ఇప్పటి పిల్లలకు టెలిగ్రాం అంటే చెప్పాలంటే ముందు ఫోను లేని ఊరు ఎట్లా ఉంటుందో చెప్పుకు రావాలి, అంత ఓపిక నాకు లేదు. ఒక ఇత్తడి మీట ముందు కూర్చుని పొట్టి దెబ్బ, పొడుగు దెబ్బ, ఆ రెండింటితోనే ఇంగ్లీషు అక్షరాలన్నీ కొట్టేవాడు. అవతలి ఊరి నుంచి వచ్చిన దెబ్బలు విని మాటలుగా రాసేవాడు. రోజంతా ఆ పని చేసిన వేళ్ళు ఇంటికొచ్చినా ఊరుకునేవి కావు. కుర్చీ చేతి మీద, మంచం పట్టె మీద, అన్నం తినే కంచం అంచు మీద, సాయంత్రం ప్రార్థనలో కళ్ళు మూసుకుని బైబిలు అట్ట మీద కూడా టకటకమనేవి. ప్రార్థన మధ్యలో అమ్మ ఒక కన్ను తెరిచి గుడ్లురిమేది. మా ఇల్లు స్టేషను దగ్గర, బియ్యం మిల్లు వెనక సందులో ఉండేది. తవుడు వాసన, మిల్లు చప్పుడు, రైలు చప్పుడు, నాయన టకటక, ఇవన్నీ కలిసిందే నాకు ఇల్లంటే. ఆయన కొట్టేది ఏమిటని నేనెప్పుడూ అడగలేదు. గోడ గడియారం ఏమంటోందని ఎవరైనా అడుగుతారా?

కరుణ అడిగింది. అది కూడా మా ఇంటికి వచ్చిన మొదటి రోజే. మా ఇద్దరికీ పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్‌లో సీటు వచ్చింది. నాది నంద్యాలే కాబట్టి నాకు ఇబ్బంది లేదు. ఆళ్ళగడ్డ నుంచి రోజూ బస్సులో తిరిగితే పిల్ల నలిగిపోతుందని చిన్నాయన దాన్ని ఒక రేకు పెట్టెతో సహా తెచ్చి మా ఇంట్లో దింపాడు. నేను దానికన్నా కొన్ని నెలలు పెద్ద. అందుకని నా చాపలో సగం, నా అద్దంలో సగం, నా కొబ్బరినూనె సీసాలో సగం కంటే ఎక్కువ దానికి ఇవ్వాల్సి వచ్చింది. ఇచ్చాను. రాత్రి అన్నం దగ్గర నాయన యథాప్రకారం కంచం అంచు మీద కొడుతున్నాడు. కరుణ ముద్ద కలపడం ఆపి చెవి ఒగ్గింది.

"పెద్నాయనా, ఏందది నువ్వు కొడతాండేది? ఒగసారి పొట్టిగా, ఒగసారి పొడుగ్గా వస్తాంది?"

నాయన ముద్ద నోటి దాకా తీసుకుపోయి ఆపేశాడు. అన్నం దగ్గర ఆయన చెయ్యి ఆగడం నేనంతవరకు చూడలేదు. "నీకు తేడా తెలుస్తాందా పాపా?" అన్నాడు. ఆ 'పాపా' అనే పిలుపు అప్పటిదాకా ఆ ఇంట్లో నాది. తెల్లారి నుంచీ నాయన దానికి ఆ దెబ్బల భాష నేర్పడం మొదలుపెట్టాడు. వర్షాకాలం అయిపోయేసరికి ఇద్దరూ అన్నం దగ్గర కంచాల మీద కొట్టుకుంటూ మాట్లాడుకునే స్థాయికి వచ్చారు. ఆయన కొడతాడు, అది కొడుతుంది, ఇద్దరూ నవ్వుతారు. నేనూ అమ్మా మొహాలు చూసుకుంటాం. అమ్మకు బాధ లేదు, నాకే. ఆఖరికి పిలుపు విషయంలో కూడా నాకు అన్యాయమే జరిగిందనిపించేది. నేను వట్టి 'నాయనా' అంటాను, అది 'పెద్నాయనా' అంటుంది. నాకున్న నాయన దానికీ ఉన్నాడు, పైన 'పెద్ద' కూడా ఉంది.

ఇంతలో పాలిటెక్నిక్‌లో మైక్రోప్రాసెసర్ ల్యాబు వచ్చింది. ల్యాబంటే ఒక గది, అందులో ఒకటే కిట్టు. అట్ట పెట్టెంత పచ్చటి బోర్డు, ఒక పక్క మీటలు, పైన ఎర్రగా వెలిగే అంకెలు. టీవీ తెర లాంటిది ఏమీ లేదు, బొమ్మ లేదు, మాట లేదు. మేమంతా చెప్పులు బయట విడిచి, గుడిలోకో చర్చిలోకో పోయినట్టు లోపలికి పోయేవాళ్ళం. దానికి మనం చెప్పేది అర్థం కావాలంటే అంకెల్లో చెప్పాలి. ప్రతి చిన్న పనికీ ఒక అంకె. ఈ సంఖ్య తీసుకో అనడానికి ఒకటి, ఆ రెంటినీ కలుపు అనడానికి ఒకటి, ఇక ఆగు అనడానికి ఇంకొకటి. ఉత్త అంకెలు మనిషికి గుర్తుండవు కాబట్టి ఒక్కో అంకెకు ఒక పొట్టి ఇంగ్లీషు మాట పెట్టారు. మూవ్, యాడ్, జంప్, కాల్, హాల్ట్, ఇట్లాంటివి. ఈ పొట్టి మాటలతో రాసేదే అసెంబ్లీ భాష. మనుషులు మాట్లాడుకునేది కాదు, యంత్రం నేరుగా వినేదీ కాదు, ఆ రెంటికీ నడుమ ఉండేది. ఇప్పుడైతే ఆ మాటల్ని అంకెలుగా మార్చే పని కంప్యూటరే చేసుకుంటుంది. అప్పుడు మేమే చేసేవాళ్ళం. కాగితానికి ఒకవైపు మాటలు రాసుకుని, పట్టిక చూసి ఎదురుగా అంకెలు వేసుకుని, ఆ అంకెల్ని ఒక్కొక్కటిగా మీటలు నొక్కి ఎక్కించాలి. ఇంత చేసి కరెంటు పోయిందంటే అన్నీ మాయం, మళ్ళీ మొదటి నుంచి నొక్కాలి. నంద్యాలలో కరెంటు సంగతి వేరే చెప్పక్కర్లేదు.

నేను ఆ పట్టికను బట్టీ పట్టాను. బట్టీలో నన్ను మించినవాళ్ళు మా బడిలో లేరు, ఆదివారం బడిలో వాక్యాలు అప్పజెప్పి బహుమతులు తెచ్చుకున్నదాన్ని. కరుణ బట్టీ పట్టలేదు. అది ఆ ఇంగ్లీషు మాటలు చదువుతూ చదువుతూ కిసుక్కున నవ్వింది. సారు ఏమిటని గద్దించాడు. "సార్, ఇవన్నీ మన మాటలే సార్," అంది. నిజమే. సంఖ్యను కలపమనే ఆజ్ఞకు ఏ, డి, ఐ అని మూడక్షరాలు. కలిపి చదివితే 'అది'. ఇంకొకటి ఏ, ఎన్, ఐ. అది 'అని'. మరొకటి ఓ, ఆర్, ఐ. 'ఓరి!' లెక్కను మనకు తెలిసే అంకెల్లోకి సర్దే ఆజ్ఞ డి, ఏ, ఏ. అదేమో 'దా'. "ఓరి, అది, దా అని పిలుస్తాంది సార్ ఈ మిషను," అంది కరుణ. క్లాసంతా పగలబడి నవ్వింది. పెదవి కూడా కదపని మా సారు ఆ రోజు నవ్వి, బల్ల మీద చెయ్యి వేసుకుని ఇంకోసారి నవ్వాడు. ఆ తర్వాత మా క్లాసులో ఆ ఆజ్ఞలను ఎవరూ ఇంగ్లీషులో చదవలేదు. పట్టిక మొత్తం వరసగా అప్పజెప్పగలిగిన నన్ను మెచ్చుకోవడానికి ఎవరికీ తీరిక లేకపోయింది.

ఇంటికొచ్చాక ఇంకో బాధ. సాయంత్రం నాయన ఆఫీసు నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుని, వాకిట్లో మంచం వాల్చుకుని కరుణను పిలిచేవాడు. "ఏందమ్మా, ఈ పొద్దు మిషను ఏమనె?" అనేవాడు. అది పక్కన కూర్చుని ఆ రోజు పాఠమంతా ఆయనకు చెప్పేది. నాయనకు ఆ సంగతి ఇట్టే ఎక్కింది. పొట్టి దెబ్బ, పొడుగు దెబ్బతో లోకమంతా మాట్లాడినవాడికి, ఉంది లేదు అనే రెండు ముక్కలతో మాట్లాడే యంత్రం కొత్తేమీ కాదు. మా క్లాసులో అందరినీ ఏడిపించిన విషయం ఒకటుంది. ప్రోగ్రాంలో ఫలానా చోటికి పో అని చెప్పేటప్పుడు, ఆ చోటు అంకెను వెనకది ముందు, ముందుది వెనక వేసి తలకిందులుగా రాయాలి. ఎందుకట్లా అని ఎవరికీ అంతుబట్టలేదు. కరుణ చెప్పగానే నాయన అన్నాడు: "దాంట్లో ఏముండాది? కార్డు మీద ఇంటి నంబరు ముందు రాస్తాం, వీధి ఆ తర్వాత, ఊరు ఆఖరున. చిన్నది ముందు, పెద్దది వెనక. అది కూడా పోస్టోళ్ళ మాదిరే చేస్తాంది." మర్నాడు కరుణ ఆ మాట క్లాసులో చెప్పింది. 'మా పెద్నాయన చెప్పినాడు' అని కూడా చెప్పింది. ఎవరి నాయన చెప్పాడు? నా నాయన. ఎవరికి చెప్పాడు? దానికి. నాకు ఆ పూట కూరలో ఉప్పుందో లేదో కూడా తెలియలేదు.

కొన్నాళ్ళకు ఆ యంత్రం మాటలు మా ఇంట్లో కంచాల దగ్గరికి వచ్చేశాయి. ఆగు అనే ఆజ్ఞకు అంకె ఏడు, ఆరు. అమ్మ ఇంకో జొన్న రొట్టె వెయ్యబోతే నాయన అరచెయ్యి అడ్డం పెట్టి, "ఏడూ ఆరూ!" అనేవాడు. అమ్మ, "ఏడూ ఆరూ పదమూడు, తిను మూసుకోని," అని రొట్టె వేసేది. కరుణకు నవ్వాగేది కాదు, పొలమారేది. నేను నవ్వేదాన్ని కాదు. ఆ అంకె నాకూ తెలుసు, కరుణకంటే ముందే తెలుసు, కానీ నాయన ఆ మాట అన్నాక నా వైపు ఎప్పుడూ చూడలేదు, దాని వైపే చూశాడు.

ఇక నాకు అన్నింటికన్నా మంట పుట్టించింది ఇది. అప్పుడప్పుడూ నేను మెట్టు మీద కూర్చుని చదువుకుంటుంటే నాయన వచ్చి పక్కన కూర్చునేవాడు. గొంతు సవరించుకుని, "సులూ, ఆ అడ్రసు తలకిందులుగా యాల రాస్తారు? చెప్పు చూద్దాం," అనేవాడు. ఇంకోసారి, "ఆ జంపుకూ కాలుకూ తేడా ఏందే?" అనేవాడు. కరుణ దగ్గర నేర్చుకుని వచ్చి నన్ను పరీక్షిస్తున్నాడని నాకు ఒళ్ళు మండేది. దానికి వచ్చింది నీకు రాదా అని చూస్తున్నాడనుకునేదాన్ని. "నాకు తెలుసు నాయనా," అని పుస్తకం మూసి లోపలికి పోయేదాన్ని. ఆయన ఆ మెట్టు మీదే ఇంకాసేపు కూర్చుని వేళ్ళతో ఏదో కొట్టుకునేవాడు.

జంపుకూ కాలుకూ, అంటే కాల్ అనే ఆజ్ఞకూ, తేడా నాకు నిజంగానే సరిగ్గా తెలియదు. రెండూ 'ఫలానా చోటికి పో' అనేవే కదా, రెండెందుకు అని ఉండేది. అది తెలిసిన తీరు ఇంకా ఘోరం. మా జేజి, అంటే నాయన తల్లి, మాతోనే ఉండేది. నేను పొద్దున పుస్తకాలు చంకన పెట్టుకుని, "పోతాండా జేజీ," అని గడప దాటేదాన్ని. జేజి వెనక నుంచి కేకలు వేసేది. "ఏం మాటే అది! పోతాండా అనగూడదని ఎన్ని తూర్లు చెప్పాల్నే నీకు? పోయొస్తా అను!" నేను విసుక్కుంటూ, "పోయొస్తా లే," అనేదాన్ని. ఇది నా చిన్నప్పటి నుంచీ రోజూ జరిగే తతంగం. ఒకరోజు జేజి అట్లా అరిచాక నా వెనకే వస్తున్న కరుణ గడప మీద టక్కున ఆగిపోయింది. "అక్కా! పోతా అంటే జంపు. పోయొస్తా అంటే కాలు!" అని అరిచింది. "జంపు పోతాది, ఇంగ రాదు. కాలు అట్ల గాదు. యాడ నుంచి పోతాందో ఒగచోట గురుతు పెట్టుకోని పోతాది. పని అయిపోతానే తిరిగి ఆడికే వస్తాది. అంతే గదా పెద్నాయనా?" నాయన ముఖం కడుక్కుంటూ చెంబు చేత్తో పట్టుకునే బయటికి వచ్చాడు. "అంతే! అంతే!" అన్నాడు. జేజికి ఒక్క ముక్క అర్థం కాకపోయినా తన మాటకు ఇంత విలువ వచ్చినందుకు పొంగిపోయి కరుణ తలకు మెటికలు విరిచింది. తిట్లు తిన్నది నేను. ఏళ్ళ తరబడి రోజూ తిన్నాను. ఆ తిట్టులో ఉన్నది ఏరుకున్నది మాత్రం అది.

ఆ ఏడాది చివర పాలిటెక్నిక్‌లో ప్రదర్శన పెట్టారు. తల్లిదండ్రులను పిలుస్తారు, ఊరి పెద్దలు వస్తారు. మా ల్యాబు తరఫున ఒక చెక్క మీద ఎరుపు, పసుపు, ఆకుపచ్చ దీపాలు బిగించి, నాలుగు రోడ్ల కూడలిలో మాదిరి వాటిని కిట్టుతో వరసగా వెలిగించాలి. ప్రోగ్రాం ఎవరైనా రాయవచ్చు, బాగున్నది చూపిస్తామన్నాడు సారు. రాసింది మేమిద్దరమే. నాయన ఆఫీసులో సెలవు అడిగి మరీ వస్తానన్నాడు. నాకు ఒకటే పట్టుదల. నాయన ఆ గదిలో నిలబడి ఉండగా నేను మీటలు నొక్కాలి, నా దీపాలు వెలగాలి, ఆయన నా వైపు చూడాలి. అంతకు మించి నాకు ఏ సర్టిఫికెట్టూ అక్కర్లేదు.

దీపాలు వెలిగించడం కష్టం కాదు. నడుమ కాసేపు ఆపడమే కష్టం. ఆ యంత్రానికి ఊరికే ఉండమంటే చేతకాదు, రెప్ప వేసే లోపల దీపాలన్నీ తిప్పేస్తుంది. దాన్ని ఆపాలంటే ఒక పెద్ద సంఖ్య చేతికిచ్చి, ఒక్కొక్కటే తగ్గించుకుంటూ సున్నా దాకా రమ్మనాలి. సున్నా కాకపోతే మళ్ళీ వెనక్కి పో అంటూ తిప్పాలి. ఆ తిప్పుడు ప్రతి దీపం తర్వాతా కావాలి. తెలిసినవాళ్ళెవరైనా ఏం చేస్తారు? ఆ తిప్పుడును ఒకచోట ఒక్కసారి రాసి పెట్టుకుని, దీపం వెలిగించినప్పుడల్లా కాల్ అని దాన్ని పిలుస్తారు. అది పోయి, తిరిగి, మళ్ళీ వచ్చిన చోటికి వస్తుంది. కరుణ అట్లాగే రాసింది. దాని ప్రోగ్రాం ఒక కాగితంలో సగానికి సరిపోయింది. నేను కాల్ వాడలేదు. ఎట్లా వాడతాను? అది కరుణ మాట. మా గడప మీద నా తిట్లలోంచి అది ఏరుకుపోయిన మాట. ఆ మాట నా కాగితం మీద రాస్తే నా చెయ్యి పడిపోతుందన్నంత కుళ్ళు నాకు. అందుకని ప్రతి దీపం కిందా ఆ తిప్పుడంతా మళ్ళీ మొదటి నుంచి చివరి దాకా రాశాను. ప్రతిసారీ పోవాల్సిన చోటు వేరు, ఆ తలకిందుల అడ్రసులు మళ్ళీ మళ్ళీ సరిచూసుకోవాలి. రెండు కాగితాలు పైన అయింది. సారు తిరగేసి చూసి, "సరిగ్గానే ఉంది గానీ ఇంత పొడుగెందుకు సులోచనా, కాల్ వాడవచ్చు గదా?" అన్నాడు. "ఇట్లాగే రాస్తాను సార్," అన్నాను. తప్పు లేదు కాబట్టి సారు ఒప్పుకున్నాడు. వయసులో పెద్దదాన్ని కదా, మొదట నాది పెడదామన్నాడు.

ప్రదర్శన రోజు నేను ముందే పోయి నా అంకెలన్నీ ఎక్కించి, ఒకసారి నడిపి చూసుకున్నాను. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, వరసగా, తాపీగా వెలిగాయి. అంత అందమైనది నేను అంతకుముందు చెయ్యలేదు, ఆ తర్వాతా చెయ్యలేదు. జనం రావడం మొదలైంది. నాయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, తల దువ్వుకుని, గుమ్మం దగ్గర చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు. ఒక చెక్క కుర్చీ వెనక నిలబడి దాని వీపు మీద చేతులు పెట్టుకున్నాడు. సారు, "ఇప్పుడు మా విద్యార్థిని సులోచన," అంటుండగా కరెంటు పోయింది. పోయినది కాసేపటికి మళ్ళీ వచ్చింది. కిట్టులో ఎర్ర అంకెలు వెలిగాయి గానీ లోపల ఏమీ లేదు. నేను కాగితాలు పరుచుకుని మొదటి నుంచి నొక్కడం మొదలుపెట్టాను. నొక్కుతున్నాను, నొక్కుతున్నాను, ఒక చోట తప్పు పోయింది, వెనక్కి వచ్చాను. జనం గుసగుసలు పోతున్నారు. వెనక ఎవరో ఆవలించారు. సారు నా దగ్గరికి వంగి, మెత్తగానే, "కాస్త జరుగమ్మా. కరుణా, నీది ఎక్కించు," అన్నాడు.

కరుణకు కాగితం కూడా అక్కర్లేకపోయింది. మీటల మీద దాని వేళ్ళు అచ్చం నాయన వేళ్ళలాగే ఆడాయి. నేను జరిగి సరిగ్గా నిలబడే లోపల ఎర్ర దీపం వెలిగింది. జనం చప్పట్లు కొట్టారు. నేను నాయననే చూస్తున్నాను. ఆయన చప్పట్లు కొట్టలేదు. కుర్చీ వీపు మీద టకటకమని ఏదో కొట్టాడు. కరుణ తల తిప్పి, బల్ల మీద రెండు దెబ్బలు తిరిగి కొట్టింది. అంత మంది నడుమ, నా కళ్ళ ముందు, ఇద్దరూ వాళ్ళ భాషలో శభాషులు చెప్పుకుంటున్నారు. కరుణ పక్కకు జరిగి, "అక్కా, ఇప్పుడు నీది ఎక్కించు దా. ఎంత సేపైనా మేం నిలబడుకుంటాం," అంది. పుండు మీద కారం చల్లడమంటే ఇదేననుకున్నాను. "అవసరం ల్యా," అని నా కాగితాలు మడుచుకుని బయటికి వచ్చేశాను. ఇంటి దాకా ఒక్కదాన్నే నడిచాను.

ఆ తర్వాత బతుకు మాతో తమాషా చేసింది. చదువు అయిపోయాక కరుణ టెలిఫోను ఎక్స్ఛేంజిలో ఉద్యోగం తెచ్చుకుని ఆళ్ళగడ్డలోనే స్థిరపడింది. అంటే మా నాయన లోకం దానికి పోయింది. నేను ఇంకా చదువుకుని పాలిటెక్నిక్‌లోనే పాఠాలు చెప్పాను, అదీ మైక్రోప్రాసెసర్ పాఠం. దాని లోకం నాకు వచ్చింది. ఎవరిది ఎవరికి చెందాలో అటూ ఇటూ అయినట్టు, ఇద్దరం ఎదుటివాళ్ళ సొత్తు మీద జీతాలు తీసుకున్నాం. ఏటా కాల్ గురించి పాఠం వచ్చేది. పోతా, పోయొస్తా అని ఒక్క ముక్క చెబితే వెనక బెంచీ దాకా అర్థమవుతుంది. ఒక్క ఏడాది కూడా చెప్పలేదు. పుస్తకంలో ఉన్నదే చదివి, బోర్డు మీద బాణాలు గీసి, పిల్లల్ని నిద్రపుచ్చాను. ఇప్పుడు పాత కిట్లు పోయాయి. పిల్లలు తెర మీద నాలుగు ముక్కలు రాస్తే మిగతాదంతా లోపలే జరిగిపోతుంది, ఏ అంకె ఎక్కడ కూర్చుందో చూడాల్సిన పని లేదు. కరెంటు పోయినా ఏదీ చెరిగిపోదు. సుఖమే. నంద్యాలలో ఆ మిల్లు మూతపడింది, మేమున్న సందులో అన్నీ మేడలే, తవుడు వాసన లేదు. నా మనవడికి చేతిలో ఫోను ఉంటే అన్నం దగ్గర ఇంట్లో ఎవరున్నారో కూడా పట్టదు. వాణ్ణి కోప్పడతాను గానీ, మా కంచాల దగ్గర అంత మంది ఉండి, అంత మాట్లాడుకుని, నాకు వినబడిందెంత అని అప్పుడప్పుడు అనుకుంటాను.

అందుకే మొన్న ఆళ్ళగడ్డలో, కరుణ ఉగ్గాని పళ్ళెం నా ముందు పెట్టి, మిరపకాయ బజ్జీలు తేవడానికి వెనక్కి తిరిగినప్పుడు, ఇన్నేళ్ళకు అడిగాను.

"ఏం మే, ఆ దీపాల పొద్దు నాయన కుర్చీ మీద ఏం కొట్టినాడు?"

కరుణ బజ్జీల గిన్నెతో ఇటు తిరిగింది. "ఓ, అదా. 'సులూది చూడాల' అని కొట్టినాడు. నేను సరే అంటి. అందుకే గదా నిన్ను ఎక్కించమంటి. నువ్వు గిర్రున తిరిగి పోతివి."

నా చేతిలో ముద్ద ఆగిపోయింది. "మరి రోజూ అన్నం కాడ కొట్టుకుంటాంటిరి గదా?"

"అవా? అవీ నీ సంగతే. ల్యాబులో అక్కకు ఎట్లాయె, ఆ తలకిందుల అడ్రసు అర్థమాయనా, అని అడుగుతాండె. నోటితో అడిగితే నువ్వు మూతి ముడుస్తావని."

"సాయంత్రాలు నీ దగ్గర కూర్చోని నేర్చుకుంటాండె?"

"నీకు చెప్పాలనే గదక్కా. నేను చెప్తే నువ్వు వినకపోతివి. 'నాకు చెప్పు పాపా, నేను దానికి మెల్లగా చెప్తా' అనె. మెట్టు కాడ నీ పక్కన కూర్చుంటాండె, గుర్తుల్యా?"

గుర్తు లేకేం. "ఇన్నేళ్ళూ చెప్పలేదేమే నాకు?"

"నువ్వు అడగల్యా," అంది కరుణ, బజ్జీ నా పళ్ళెంలో వేస్తూ. దానికెప్పుడూ అంతే, ఉన్నది ఉన్నట్టు చెబుతుంది.

ఇది విన్నాక నా మనసు తేలికపడాలి. కథల్లో అయితే అక్కాచెల్లెళ్ళు కావిలించుకుని ఏడుస్తారు. నాకు అప్పటిదాకా ఉన్న కుళ్ళు చాలనట్టు ఇంకింత ఎక్కువైంది. ఇంతకాలం నేను అనుకున్నది, నాయన దాని గురించి దానితో మాట్లాడుతున్నాడని. కాదట. ఆయన నా కోసం పడిన బెంగంతా, రోజూ, పూటపూటా, మాట మాటా దానికి అప్పజెప్పాడు. అవన్నీ నావి. విన్నది అది. తినడం మానేసి, పళ్ళెం పక్కకు జరిపి, "ఇంకా ఏమేమి అనె నా గురించి? ఒక్కటీ వదలకుండా అన్నీ చెప్పు," అన్నాను.

"శానా అనె అక్కా," అంది కరుణ. "అన్నీ యాడ గుర్తుంటాయి? అన్నం తింటా అనుకున్న మాటలు."

నాకు చెప్పివుంటే ఒక్క మాట కూడా మరిచిపోయేదాన్ని కాదు.